తిరిగి రానివాటి లెక్క

2023 అక్టోబరులో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పం తీరాన పుట్టిన ఏనుగు సీల్ పిల్లల్లో నూటికి తొంభై ఆరు దాకా నవంబరు మధ్యకల్లా చచ్చిపోయాయి. సుమారు 17,000 పిల్లలు. చంపింది హెచ్5ఎన్1, మనం బర్డ్ ఫ్లూ అనే వైరస్. ఆ కళేబరాల ఫొటోలు అప్పట్లో ప్రపంచమంతా తిరిగాయి. ఆ తర్వాత అందరూ వేరే వార్తల్లో పడ్డారు. సీల్స్ మీద పనిచేసేవాళ్లు మాత్రం మరుసటి అక్టోబరు కోసం కాచుకు కూర్చున్నారు. నష్టం ఎంతో అప్పుడు గాని తేలదని వాళ్లకు తెలుసు.

ఎందుకు తేలదో చెప్పాలంటే ఈ జంతువు బతికే తీరు కొంచెం చెప్పుకోవాలి. దక్షిణార్ధగోళంలోని ఏనుగు సీల్ ఏడాదిలో దాదాపు పది నెలలు సముద్రంలోనే ఉంటుంది. అదీ పైపైన ఈదుతూ కాదు. ఒంటికి అతికించిన పరికరాలు నమోదు చేసిన ప్రకారం మామూలుగా 400 నుంచి 600 మీటర్ల లోతుకు దిగుతుంది, అరుదుగా రెండు కిలోమీటర్లు కూడా దాటుతుంది. పైకి వచ్చి రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్లీ మునుగుతుంది. అలాంటిదాన్ని నడిసముద్రంలో లెక్కపెట్టడం అయ్యే పని కాదు. అక్కడ చచ్చిపోతే కళేబరం కూడా ఒడ్డుకు రాదు.

నేల మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. ఒకసారి ఈనడానికి, ఇంకోసారి బొచ్చు మార్చుకోవడానికి. ఈనే కాలంలో ముందు మగవి వస్తాయి. ముక్కు తొండంలా వేలాడుతుండే ఈ మగ సీల్ మూడు నాలుగు టన్నులు కూడా తూగుతుంది. పోట్లాటలో గెలిచినది మందకు పెద్ద అవుతుంది. వెనకే ఆడవి వస్తాయి. వచ్చిన వారం లోపే ఒక్కొక్కటి ఒక్క పిల్లను ఈనుతుంది. ఇరవై రెండు, ఇరవై మూడు రోజులు పాలిస్తుంది. ఆ రోజుల్లో తల్లి ఏమీ తినదు. ఒంట్లోని కొవ్వు కరిగి పాలవుతుంది. బరువులో మూడో వంతు కోల్పోతుంది, పిల్ల బరువు మూడింతలవుతుంది. చివరి రోజుల్లో మగదానితో కలిసి, ఆ తర్వాత సముద్రంలోకి దిగిపోతుంది. పిల్లకు పాలు మాన్పించడం అంటూ వేరే ఏమీ లేదు, తల్లి వెళ్లిపోతుంది, అంతే. పిల్ల నెలకు పైగా ఒంటరిగా ఒడ్డునే ఉండి, ఆకలి తట్టుకోలేని నాటికి తనంతట తానే నీళ్లలోకి దిగుతుంది.

అక్టోబరు మొదటి వారంలో ఈ ఆడ సీల్స్‌లో అత్యధిక భాగం ఒకేసారి ఒడ్డున ఉంటాయి. వాల్డెస్‌లో 1980ల నుంచి ఆ వారంలోనే లెక్క తీస్తున్నారు. వందల కిలోమీటర్ల తీరం. మందకు మగవెన్ని, ఆడవెన్ని, పాలు తాగే పిల్లలెన్ని, చచ్చినవెన్ని అని రాసుకుంటూ పోవడమే పని. ఏ పత్రికా దీన్ని మొదటి పేజీలో వేయదు. పరిశోధన నిధులిచ్చే సంస్థలకూ ఇలాంటి పని మీద ఉత్సాహం తక్కువ. కానీ ఇప్పుడు మన చేతిలో ఉన్న సాక్ష్యమంతా ఆ చిట్టాల మీదే నిలబడి ఉంది. 2022లో ఈనడానికి వచ్చిన ఆడవి సుమారు 18,000 అని అవి చెబుతున్నాయి. ఆ అంకె లేకపోతే తర్వాత జరిగినది దేనితో పోల్చాలి?

2023 అక్టోబరులో అక్కడికి వెళ్లిన బృందాలు ముందు చూసింది చావులను కాదు, మందలు చెదిరిపోయి ఉండటాన్ని. మామూలుగా పాలిచ్చే తల్లి పిల్లను వదిలి కదలదు. ఆ ఏడాది తల్లులు గడువు రాకముందే నీళ్లలోకి వెళ్లిపోయాయి. పెద్ద మగవి ఉండాల్సిన చోట్ల కుర్ర మగవి తిరుగుతున్నాయి, కొన్నిచోట్ల అవీ లేవు. పిల్లలు కొన్ని పడివున్నాయి, కొన్ని ఆయాసంతో నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాయి. ముక్కు నుంచి చీమిడి, తల వణుకు, ఒళ్లు కదల్చలేకపోవడం. నమూనాలు తీసి పరీక్షిస్తే మెదడులోనూ వైరస్ దొరికింది. ఫ్లూ అంటే ఊపిరితిత్తుల జబ్బు అనుకునే అలవాటు మనది. ఈ వైరస్ సీల్స్‌లో నరాల జబ్బుగా కూడా కనిపిస్తోంది. అంతకుముందు పెరూలో ఇదే వైరస్‌తో చచ్చిన సముద్ర సింహాల్లోనూ ఇదే చూశారు: మూర్ఛలు, పక్షవాతం, వాటితోపాటు చూడివాటికి గర్భస్రావాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ 17,000లో ప్రతి పిల్లనూ వైరసే నేరుగా చంపిందని చెప్పలేం. తల్లి ముందే వెళ్లిపోయిన పిల్ల ఆకలితో చస్తుంది, దానికి వైరస్ సోకనక్కర్లేదు. పైగా ఆ సంఖ్య ప్రతి కళేబరాన్నీ ఎంచి చెప్పినది కాదు, చూసిన తీరభాగాల్లో చావు శాతాన్ని మొత్తానికి వర్తింపజేసి కట్టిన అంచనా. ఆ అంచనాను నేను నమ్ముతాను. అయితే అది ఎలా కట్టారో తెలిసి నమ్మడం మంచిది.

ఈ వైరస్ వాల్డెస్‌కు వచ్చిన దారి చూడాలి. 2022 నవంబరులో పెరూ తీరంలో పెలికాన్‌లు, ఇతర సముద్రపక్షులు వేల సంఖ్యలో రాలిపోయాయి. 2023 మొదట్లో అదే తీరంలో సముద్ర సింహాలు చావడం మొదలైంది. పెరూ ఒక్కదానిలోనే 5,000కు పైగా చచ్చాయి. అక్కడి నుంచి చిలీ తీరం పొడవునా దక్షిణానికి దిగి, ఖండం కొస చుట్టి, ఆగస్టులో అర్జెంటీనాలోని టియెర్రా డెల్ ఫ్యూగోలో సముద్ర సింహాల్లో తేలింది. ఆ తర్వాత అట్లాంటిక్ తీరం వెంబడి ఉత్తరానికి ఎక్కుతూ ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ దాకా పోయింది. ఆ దారి మధ్యలో ఉంది వాల్డెస్. వైరస్ అక్కడికి చేరుకున్న వేళ కూడా చూడండి: సరిగ్గా ఈనే వారం, ఆడవన్నీ ఒకేచోట ఒత్తుగా చేరి ఉన్న వారం. ఈ దేశాలన్నిటిలో కలిపి కనీసం 24,000 సముద్ర సింహాలు చచ్చినట్టు నమోదైంది.

చచ్చిన పక్షిని కొరికో, దాని రెట్టలు పడిన చోట పడుకునో ఒక్కో సీల్‌కు విడివిడిగా వైరస్ సోకి ఉండవచ్చు కదా అని మొదట్లో చాలామంది అన్నారు. సరైన ప్రశ్నే. పక్షి నుంచి సీల్‌కు సోకడం కొత్తేమీ కాదు, 2022 వేసవిలో అమెరికాలోని మెయిన్ తీరంలో జరిగిందదే. భయపడాల్సింది సీల్ నుంచి సీల్‌కు పాకుతుంటే. దీన్ని తేల్చింది జన్యుక్రమం. మర్సెలా ఉహార్ట్ బృందం 2024లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించిన పరిశోధన పత్రంలో దాని వివరాలున్నాయి.

వైరస్ తనను తాను నకలు చేసుకోవడానికి వాడే యంత్రాంగంలో పీబీ2 అనే ప్రోటీన్ ఒకటి. పక్షుల కణాల్లో బాగా పనిచేసే పీబీ2 క్షీరదాల కణాల్లో అంత బాగా పనిచేయదు. దానిలో 591, 701 స్థానాల దగ్గర మార్పులొస్తే పని సులువవుతుంది. పెరూ, చిలీ సముద్ర సింహాల్లోని వైరస్‌లో ఆ రెండు మార్పులు ఉన్నాయి. అర్జెంటీనా సముద్ర సింహాల్లో ఉన్నాయి. వాల్డెస్ ఏనుగు సీల్స్‌లోనూ ఉన్నాయి. నాలుగు ఊళ్లలో ఒకే అరుదైన ఇంటిపేరు వినిపిస్తే అందరూ విడివిడిగా ఆ పేరు పెట్టుకున్నారని ఎవరం అనుకోం, ఒక ఇంటివాళ్లే వలస వెళ్లారనుకుంటాం. వంశవృక్షం గీస్తే ఈ వైరస్‌లు కూడా ఒకే కొమ్మ మీద, ఒకదాని తర్వాత ఒకటిగా కూర్చున్నాయి. వేల కిలోమీటర్ల తీరం వెంట, నెలల తరబడి, క్షీరదం నుంచి క్షీరదానికి పాకిన కొమ్మ అది.

ఇంకో సంగతి నన్ను ఎక్కువసేపు ఆపింది. అదే కాలంలో వాల్డెస్ పరిసరాల్లో చచ్చిన టెర్న్ పక్షుల్లో దొరికిన వైరస్‌లు కూడా ఈ సముద్ర క్షీరదాల కొమ్మకే చెందినవి. అంటే పక్షుల నుంచి సీల్స్‌కు వచ్చినది, సీల్స్‌లో మారి, తిరిగి పక్షుల్లోకి వెళ్లింది. పక్షికి రెక్కలున్నాయి. వైరస్ సీల్స్ తీరానికే పరిమితమై అక్కడే అంతమైపోతుందన్న ధీమా అక్కడితో పోయింది.

మనుషుల మాటేమిటి? 2023 మార్చిలో ఉత్తర చిలీలో ఒక వ్యక్తి హెచ్5ఎన్1తో తీవ్రంగా జబ్బుపడ్డాడు. అతని నుంచి తీసిన వైరస్‌లోనూ పీబీ2లో ఆ మార్పులే కనిపించాయి. అతని చుట్టూ ఉన్నవాళ్లకు సోకలేదు. ఆ వైరస్‌ను ప్రయోగశాలలో ఫెరెట్‌ల మీద పరీక్షిస్తే ఒకే బోనులో కలిసి ఉన్నవాటికి అంటుకుంది, గాలి ద్వారా అంటుకోలేదు. ఫ్లూ మనుషుల్లో ఎలా పాకుతుందో అంచనా వేయడానికి ఫెరెట్‌లే వాడుక. కాబట్టి రేపే మహమ్మారి అని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర నాకు తెలియని సాక్ష్యమేదో ఉండి ఉండాలి. నేను చెప్పేది అంతకంటే చిన్న మాట, నాకది చాలినంత పెద్దది: క్షీరదాల్లో నిలదొక్కుకోవడం ఈ వైరస్‌కు సాధ్యమేనా అన్నది ఇక ఊహలో ఉన్న ప్రశ్న కాదు. ఒకసారి జరిగింది, జరిగిన తీరు నమోదైంది.

సీల్స్‌కు ఫ్లూ రావడం పాత సంగతే. 1979–80 శీతకాలంలో అమెరికాలోని కేప్ కాడ్ పరిసరాల్లో 400కు పైగా హార్బర్ సీల్స్ న్యుమోనియాతో చచ్చాయి. వాటిలో దొరికింది హెచ్7ఎన్7, అదీ పక్షుల నుంచి వచ్చినదే. ఆ కళేబరాలను కోసి చూసినవాళ్లలో కొందరికి కళ్లు ఎర్రబడి చీము పట్టింది. ప్రయోగశాలలో ఆ వైరస్ ఎక్కించిన ఒక సీల్ పరిశోధకుడి ముఖం మీద తుమ్మింది. రెండు రోజుల్లో ఆయనకు కండ్లకలక వచ్చింది, ఆ కంటి నుంచి తీసిన నమూనాలో సీల్ వైరసే దొరికింది. ఆయన కోలుకున్నాడు. ఒక తుమ్ము, ఒక కన్ను: సీల్ నుంచి మనిషికి ఫ్లూ వెళ్లగలదనడానికి వైద్య సాహిత్యంలో ఇంత సూటిగా నమోదైన ఉదాహరణలు ఎక్కువ లేవు. 2010లో కాలిఫోర్నియా దగ్గర ఏనుగు సీల్స్‌లో మనుషుల స్వైన్ ఫ్లూ హెచ్1ఎన్1 కనిపించింది, ఏ జబ్బు లక్షణాలూ లేకుండా. అంటే ఒకే జంతువులోకి పక్షుల ఫ్లూ ఒక తలుపు నుంచి, మనుషుల ఫ్లూ ఇంకో తలుపు నుంచి రాగలవు. రెండూ ఒకేసారి వస్తే వాటి జన్యువులు కలిసి కొత్త వైరస్ పుట్టవచ్చు.

ఇక 2024 అక్టోబరు. 2023లో వాల్డెస్ ఒడ్డున పెద్ద సీల్స్ కళేబరాలు చాలా తక్కువ కనిపించాయి. పిల్లలు పోయినా తల్లులు బతికాయి కదా, వచ్చే ఏడు మళ్లీ ఈనుతాయి అని ఊరట చెందడానికి అవకాశం ఉండింది. మరుసటి ఏడు లెక్క తీసేసరికి ఈనడానికి రావాల్సిన ఆడవాటిలో మూడింట ఒక వంతే వచ్చాయి. పెద్ద మగవి కూడా తగ్గాయి. క్లాడియో కంపాన్యా బృందం 2025లో ప్రచురించిన అంచనా ప్రకారం ఈ మంద 2022 నాటి స్థాయికి రావడానికి దశాబ్దాలు పడుతుంది, పరిస్థితి బాగోకపోతే ఈ శతాబ్దం చివరిదాకా సాగుతుంది.

అక్కడికి తూర్పున నడిసముద్రంలో ఉన్న సౌత్ జార్జియాలోనూ ఇదే కథ, ఇంకా పెద్ద అంకెలతో. లోకంలోని ఏనుగు సీల్స్‌లో ఈనే వయసువి సగానికి పైగా అక్కడే ఉంటాయి. వైరస్ దక్షిణ అమెరికా వైపు నుంచే వచ్చింది, మొదట దొరికింది స్కువా పక్షుల్లో. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు డ్రోన్లతో మూడు అతిపెద్ద ఈనే తీరాలను ఫొటో తీసి 2022తో పోలిస్తే 2024లో ఆడవి 47 శాతం తక్కువ. దీవి మొత్తానికి లెక్క కడితే దాదాపు 53,000 ఆడ సీల్స్ కనిపించలేదు. మామూలుగా ఏడాదికీ ఏడాదికీ తేడా కొద్ది శాతమే ఉంటుంది. 2025 చివర్లో ఇంకా తూర్పున, ఆస్ట్రేలియా పాలనలోని హర్డ్ దీవి ఏనుగు సీల్స్‌లోనూ హెచ్5 నిర్ధారణ అయింది.

కనిపించలేదు అంటే చచ్చిపోయాయనేనా? ఇక్కడ తొందరపడకూడదు. 2023లో మందలు చెదిరినప్పుడు చాలా ఆడవి మగవాటితో కలవకుండానే వెళ్లిపోయి ఉండవచ్చు. చూడి కట్టని ఆడది మరుసటి ఏడు ఈనే తీరానికి రావాల్సిన పని లేదు. ఇంకో సంగతి: ఏనుగు సీల్‌లో పిండం ఏర్పడ్డాక మూడు నాలుగు నెలలు గర్భసంచికి అతుక్కోకుండా ఆగి ఉంటుంది. జబ్బుపడి కోలుకున్న ఆడదానిలో అది అతుక్కోకపోయినా, తర్వాత గర్భం పోయినా ఫలితం అదే. కాబట్టి రానివాటిలో కొన్ని బతికి ఉండి తర్వాతి ఏళ్లలో తిరిగి రావచ్చు. ఎన్ని అన్నది వరసగా లెక్క తీస్తూ పోతేనే తెలుస్తుంది. ఒక ఏడు మానేస్తే చచ్చినవాటినీ, బతికుండి ఈనడానికి రానివాటినీ విడదీసే దారి మూసుకుపోతుంది.

ప్రకృతి తనంతట తానే సర్దుకుంటుందనే వాదన ఒకటుంది. దాన్ని కొట్టిపారేయను, ఉదాహరణ కూడా ఉంది. ఉత్తర ఐరోపా హార్బర్ సీల్స్‌లో డిస్టెంపర్ వైరస్ వచ్చి 1988లో 23,000కు పైగా, 2002లో 30,000 దాకా చచ్చాయి. రెండుసార్లూ అవి తిరిగి పెరిగాయి. కానీ హార్బర్ సీల్స్ అనుకూలిస్తే ఏడాదికి 12 శాతం దాకా పెరగగలవు. మూడో వంతుకు పడిపోయిన మంద ఆ వేగంతో పదేళ్లలో పూర్వస్థితికి వస్తుంది. వాల్డెస్ ఏనుగు సీల్స్ ఈ విపత్తుకు ముందు ఏటా సుమారు ఒక శాతం చొప్పున పెరుగుతున్నాయి. ఆ వేగంతో అయితే నూట పదేళ్లు. రెండు శాతం అనుకున్నా యాభై అయిదేళ్లు. మధ్యలో ఇంకోసారి వైరస్ రాకపోతే. డిస్టెంపర్ ఉదాహరణ చెప్పేవాళ్లు ఈ లెక్క కూడా చేసి చూడాలి.

మన వైపు సీల్స్ లేవు. వైరస్ పేరు మాత్రం కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 నిర్ధారణ అయినప్పుడు కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం, వారాలపాటు చికెన్ కొట్లు వెలవెలబోవడం అందరూ చూసిందే. ఆ తర్వాతి నెలలో రాష్ట్రంలో ఒక చిన్నారి ఈ వైరస్‌తోనే చనిపోయింది. ఆ చిన్నారిలో దొరికిన శాఖ 2.3.2.1ఏ, సీల్స్‌ను చంపినది 2.3.4.4బి. రెండిటినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం తప్పు. పోల్చాల్సింది నిఘాను. మన దగ్గర కోళ్లు కుప్పలుగా చస్తే ఫారం యజమాని చెబుతాడు, నమూనా భోపాల్‌లోని ప్రయోగశాలకు వెళ్తుంది. కొల్లేరులోనో పులికాట్‌లోనో పెలికాన్‌లు చస్తే ఎవరు చెబుతారు? ఆ పక్కన తిరిగే నక్క, నీటికుక్క, ఊరకుక్క జబ్బుపడితే? పెరూలో ముందు చచ్చింది పెలికాన్‌లే. అది చూసి సముద్ర సింహాల మీద కన్నేసి ఉంచడానికి వాళ్లకు దొరికిన వ్యవధి కొద్ది వారాలు.

సీల్స్‌కు టీకా వేసి కాపాడటం గురించి అడుగుతుంటారు. హవాయిలోని మంక్ సీల్స్‌కు డిస్టెంపర్ రకం జబ్బు రాకుండా టీకా వేస్తున్నారు, అవి పదహారు వందలు ఉన్నాయి కాబట్టి కుదురుతోంది. వేల కిలోమీటర్ల తీరంలో పడివుండే లక్షల జంతువులకు అది వీలయ్యేది కాదు. చేయగలిగినవి మామూలు పనులు: ఈనే కాలంలో పర్యాటకులను, కుక్కలను దూరం ఉంచడం, బతికినవాటి రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నాయో లేదో చూడటం, అవి పాల ద్వారా పిల్లలకు అందుతున్నాయో లేదో చూడటం, దొరికిన ప్రతి వైరస్ జన్యుక్రమాన్నీ ఆలస్యం లేకుండా బయటపెట్టడం, అక్టోబరు లెక్క ఆపకపోవడం.

ఆ లెక్క చదివేవాళ్లు ఒకటి ముందే గుర్తుపెట్టుకోవాలి. వాల్డెస్ ఆడ సీల్స్ చాలావరకు నాలుగేళ్ల వయసు ప్రాంతంలో మొదటిసారి ఈనడానికి వస్తాయి. 2023లో పుట్టినవి బతికి ఉంటే వాటి వంతు 2027 అక్టోబరులో వచ్చేది. ఆ ఏడాదీ, ఆ తర్వాతి రెండేళ్లూ కొత్త తల్లుల సంఖ్యలో ఒక గొయ్యి తప్పకుండా కనిపిస్తుంది, ఆ మధ్యలో వైరస్ జాడ లేకపోయినా సరే. అప్పుడు అది కొత్త రోగమని ఎవరైనా రాస్తే నమ్మకండి. కోలుకోవడం ఆగిపోయిందని రాసినా వెంటనే నమ్మకండి. 2030 నాటి అంకెలు వచ్చేదాకా ఆ రెండిట్లో ఏదీ చెప్పడం కుదరదు.